గాలి కబురు

తెల్లవారుజాము నాలుగున్నర.
బకెట్లో నీళ్లు పెంకు కట్టాయి.
బొలీవియా పీఠభూమి మీద, చెట్టన్నది మొలవని ఎత్తులో
ఒక మట్టి ఇటుకల గది, ఒక మైకు,
రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకున్న నేను.
ఎర్ర బల్బు వెలిగింది. గొంతు సవరించుకుని మొదలుపెడతాను:

"ఉప్పు ఎడారి అవతలి బసీలియో అయవీరికి.
చెవులకు ఎర్ర ఊలు కట్టిన మీ లామాలు రెండూ
సెవెరో రాతిదొడ్లో ఉన్నాయి. గడ్డి ఖర్చు అడగనన్నాడు.
హిలారియా కోల్కేకి. మీ చెల్లికి ఆడపిల్ల, ఇద్దరూ కులాసా.
వచ్చేటప్పుడు ఎండబెట్టిన బంగాళాదుంపలు తెమ్మంది.
పేరు చెప్పొద్దన్న ఒకాయన నుంచి
పేరు చెప్పొద్దన్న ఒకామెకి:
లారీ గురువారం కాదు, శుక్రవారం."

గాలి కబురంటే నమ్మరానిదని లోకం మాట.
మాకు గాలిలో రానిదాని మీదే అనుమానం.
పెళ్లి గాలిలో తెలియాలి, చావు గాలిలో తెలియాలి,
తప్పిపోయిన గాడిద కూడా
ముందు నా నోట పడి, ఆ తర్వాతే ఇల్లు చేరాలి.

పోయిన చలికాలం పట్నం నుంచి విల్మెర్ వచ్చాడు.
గడ్డం ఇంకా సరిగా రాని కుర్రాడు, వీపున కంప్యూటరు.
మా స్టేషన్ని ఫోన్లోకి ఎక్కించాడు.
తెర మీద ఒక అంకె వెలిగింది:
ఇప్పుడు వింటున్నవారు, పదకొండు.
"దోన్యా ఎమెతెరియా, పదకొండు మంది కోసం
పదిహేను లీటర్ల డీజిలా?"
కుర్రాడు చెడ్డవాడు కాడు. లెక్కా తప్పు కాదు.
టవరు కాళ్లకు తుప్పు, ట్రాన్స్‌మిటరుకు నా వయసు.
ఆ పదకొండులో ఒకడు వాడే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
ముప్పై ఏళ్లుగా నేను మాట్లాడింది ఎవరితో?
బావిలోకి రాయి వేసి
చప్పుడు కోసం ఎప్పుడూ ఆగలేదు.
వేయడమే నా పని అనుకున్నాను.

తెల్లారి మైకులో అన్నాను:
"వింటున్నవాళ్లు ఆదివారం సంతకు వచ్చేటప్పుడు
రేడియోలో అయిపోయిన బ్యాటరీలు
మా గుమ్మం ముందు పడేసి పొండి. పేర్లు అక్కర్లేదు."

ఆదివారం పొద్దున తలుపు బయటికి తోస్తే కదల్లేదు.
గోనెసంచుల్లో, టోపీల్లో, పాలడబ్బాల్లో,
పసిపాప మేజోడులో కుక్కినవి నాలుగు.
ఎండకు పెట్టి, పొయ్యి పక్కన పెట్టి
చివరి బొట్టు దాకా పిండుకున్నవి.
కొన్నిటి మీద పంటిగాట్లు,
కొరికితే ఇంకో పూట పలుకుతుందని మా వాళ్ల నమ్మకం.
విల్మెర్ మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టాడు.
ఆరువందల నలభై దగ్గర తప్పి, మళ్లీ మొదలుపెట్టి,
మానేశాడు.
ఒక జత కాగితంలో చుట్టి ఉంది.
కాగితం మీద బొగ్గుతో ఒకటే మాట: వచ్చాడు.

ఫోను అడుగుతుంది: ఎవరు నువ్వు, ఎక్కడున్నావు,
ఎంతసేపు విన్నావు, ఏం కొంటావు.
రేడియో ఏమీ అడగదు.
మంద వెంట నడుస్తున్నా,
మొగుడితో కొట్లాడి కొట్టంలో పడుకున్నా
చెవి ఉంటే చాలు.

విల్మెర్ తిరిగి వెళ్లలేదు. తెర మీద ఆ అంకెను మూసేశాడు.
గుట్ట ఎక్కితే దొరికే రెండు గీతల సిగ్నలుతో
చిలీ గనుల్లో ఉన్నవాళ్ల గొంతులు దించుకొస్తాడు,
నేను వాటిని గాలిలో కలుపుతాను.
నిన్నటి మాటలో సగం దగ్గే.
కత్తిరిస్తానన్నాడు, వద్దన్నాను.
ఆ దగ్గుని గుర్తుపట్టేవాళ్లు ఉంటారు.

డీజిలు అప్పు అలాగే ఉంది.
బ్యాటరీలు వెనక పీపాలో కారుతున్నాయి,
పట్నం తీసుకెళ్లేవాడు ఇంకా దొరకలేదు.

ఈ పొద్దు చివరి కబురు:
"మేజోడులో నాలుగు బ్యాటరీలు వదిలి వెళ్లినవాళ్లకి.
వాటిలో ఒకదానికి ఇంకా ప్రాణం ఉంది.
వచ్చి తీసుకెళ్లండి.
మేజోడు ఉతికి ఉంచాను."